శార్వరి నుండి శుభకృతు వరకు

క్రీస్తుశకము 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ బుధవారము తెలుగువారికి ఉగాది. ఆనాడు శార్వరి నామ సంవత్సరము ప్రవేశించినది. శార్వరి యనగా రాత్రి. పేరునకు తగినట్లే, ముందునాటి రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి చేసిన ప్రకటన ననుసరించి, ఆ యుగాదినాడే దేశమంతట ఇరువదియొక్క దినముల లాక్‌డౌను ఆరంభమైనది. ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. ఊరూర తెలుగు సమాజములవారు తలపెట్టిన పంచాంగ శ్రవణములు, కవి సమ్మేళనములు, పిల్లల నాటికలు, సహపంక్తి భోజనములు ఒక్కసారిగా ఆగినవి. వేపపూవు, కొత్త బెల్లము, మామిడి పిందె దొరికినంతలో ఎవరి యింట వారు పచ్చడి చేసికొని, బంధుమిత్రులకు ఫోనులో శుభాకాంక్షలు చెప్పికొనిరి.

సమాజ మను మాటలోనే కూడిక యను భావమున్నది. పదిమంది యొకచోట కూడుటయే దాని బ్రదుకు. అట్టి కూడికయే ప్రాణాపాయమునకు హేతువైనప్పుడు సమాజము చేయవలసిన దేమి? వేడుకను మానుకొనవలెనా, వాయిదా వేయవలెనా, రూపము మార్చి నడుపవలెనా? ఈ ప్రశ్న 2020లో క్రొత్తగా పుట్టినది కాదు. తెలుగుదేశపు చరిత్రలో దీనికి పూర్వోదాహరణములు కలవు. వానిని తెలిసికొన్నచో, ఇటీవలి మహమ్మారి కాలమున మన సంస్థలు చేసిన నిర్ణయముల మంచిచెడ్డలు స్పష్టముగా గోచరింపగలవు.

మొదట సికింద్రాబాదు బోనముల కథను తలచుకొనవలెను. 1813వ సంవత్సరమున జంటనగరములలో గత్తర చెలరేగి జనులు వేలకొలది మరణించిరని పరంపరాగతముగా చెప్పుదురు. గత్తర యనగా కలరా. సికింద్రాబాదు దండులో డోలీ మోయు సురిటి అప్పయ్య యనునతడు అప్పుడు తన పటాలముతో ఉజ్జయినిలో నుండెననియు, అచటి మహాకాళిని దర్శించి, తన యూరివారిని గత్తరనుండి కాపాడినచో అమ్మకు గుడి కట్టింతునని మ్రొక్కుకొనెననియు, తిరిగివచ్చి 1815లో కొయ్య విగ్రహమును ప్రతిష్ఠించెననియు ఐతిహ్యము. నేటి ఉజ్జయినీ మహాకాళి దేవాలయమునకు మూలమదియే. ఏటేట ఆషాఢమాసమున కుండలో అన్నము వండి, వేపాకు చుట్టి, పైన దీపము నిలిపి స్త్రీలు తలపై నెత్తుకొని పోవు బోనము ఆ మ్రొక్కుబడికి గుర్తు.

కాబట్టి లష్కరు బోనాలు వ్యాధివలన ఆగవలసివచ్చిన వేడుక మాత్రమే కాదు, వ్యాధివలన పుట్టిన వేడుక గూడ. 2020 జూలైలో ఆ వేడుకకు చిత్రమైన పరీక్ష యెదురైనది. ప్రభుత్వమును, ఆలయాధికారులును భక్తులను గుడికి రావలదని కోరి, బోనమును ఎవరి యింట వారే అమ్మకు సమర్పింపుడనిరి. అర్చకులు మాత్రమే గుడిలో పూజాదికములు జరిపిరి. ఇసుక వేసిన రాలని జనముతో నిండవలసిన వీథులు బోసిపోయినవి. ఇది ఆచారభంగమని కొందరు నొచ్చుకొనిరి. కాని విచారించినచో, ఊరివారి ప్రాణములు నిలుపుమనియే గదా మొదటి మ్రొక్కు! ఊరివారి ప్రాణములకు ముప్పు తెచ్చు రీతిని బోనము నెత్తుకొనుట ఆ మ్రొక్కునకు విరుద్ధమగును. ఇంటి వాకిట బోనమునుంచి మ్రొక్కినవారు మూలసంకల్పమునకు దూరమైనవారు కారు.

ఐనను సంకల్పము మంచిదైనంత మాత్రమున చాలదు. వ్యాధి ఏ త్రోవను వచ్చునో తెలియనిచో వేడుకను ఏ విధముగా మార్చవలెనో తెలియదు. అప్పయ్య కాలమున కలరా యెట్లు వ్యాపించునో ప్రపంచమున నెవరికిని తెలియదు. 1854లో లండను నగరమున జాన్ స్నో యను వైద్యుడు ఒక వీథిలోని నీటిపంపునకును, చుట్టుపట్ల కలరా మరణములకును గల సంబంధమును కనుగొనెను. 1883-84 సంవత్సరములలో రాబర్ట్ కోఖ్ ఈజిప్టులోను, కలకత్తాలోను పరిశోధించి ఆ వ్యాధి క్రిమిని నిరూపించెను. పదేండ్లు గడచినపిదప హాఫ్‌కిన్ కలకత్తాలో కలరా టీకాలు వేసెను. కలరా నీటి త్రోవను వచ్చునని తేలినపిమ్మట తీర్థములలోను, జాతరలలోను శుభ్రమైన మంచినీరు, మరుగుదొడ్లు, టీకాలు ఏర్పాటు చేయుట ముఖ్యకార్యమైనది. జాతరను మాన్పనక్కరలేకయే వ్యాధిని అరికట్టు మార్గము దొరికినది.

మహాకాళి గుడి వెలసిన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ యను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. డోలీ మోసిన అప్పయ్యయు, సూక్ష్మదర్శిని పట్టిన రాసును ఒకే దండు ప్రదేశమున పనిచేసినవారు. ఇరువురి నడుమ కాలము ఎనుబది నాలుగేండ్లు. ఒకడు వ్యాధినుండి రక్షణ కోరెను. రెండవవాడు వ్యాధి త్రోవను చూపెను. సమాజమునకు రెండును కావలెను.

ఆ 1897వ సంవత్సరమే మరియొక పాఠము గూడ నేర్పినది. బొంబాయి రాష్ట్రమున ప్లేగు ప్రబలగా ఫిబ్రవరి 4వ తేదీన అంటువ్యాధుల చట్టము వచ్చినది. నాలుగు సెక్షన్లు మాత్రమే గల ఆ చిన్న చట్టము ప్రభుత్వమునకు విస్తారమైన అధికారముల నొసగినది. పూనాలో సైనికులు ఇండ్లలో జొరబడి, పడకగదులు, పూజాగృహములు అను విచక్షణ లేక సోదాలు చేసిరి. ప్రజలు వ్యాధికంటె సోదాలకే యెక్కువ భయపడిరి. జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు కమిటీ అధికారి ర్యాండును చాపేకరు సోదరులు కాల్చిరి. రోగము నణచుటకై వచ్చిన యుత్తరువు, ప్రజల నమ్మకమును గోలుపోయినందున, పగకు బీజమైనది. ఆ చట్టమునే 2020 మార్చిలో రాష్ట్రములు మరల ప్రయోగించినవి. కాని ఈసారి అనేక చోట్ల ఉత్సవ సంఘములు తమ వేడుకలను తామే కుదించుకొన్నవి.

ఖైరతాబాదు గణపతి దీనికి మంచి యుదాహరణము. 1954లో ఒక్క యడుగు విగ్రహముతో మొదలై, కాలక్రమమున పెరిగి, 2019 నాటికి అరువదియొక్క యడుగుల యెత్తు చేరిన ఆ వినాయకుని, 2020లో ఉత్సవ సంఘమువారు తొమ్మిది యడుగులకు తగ్గించి, మట్టితో ధన్వంతరి రూపమున నిలిపిరి. ధన్వంతరి వైద్యులకు దేవుడు గదా! యెత్తు తగ్గినందున భక్తి తగ్గినదని ఎవరు చెప్పగలరు? నగర శివారులోని బాలాపూరు గ్రామములో 1994 నుండి గణపతి చేతి లడ్డును వేలము వేయు ఆచారమున్నది. మొదటి యేట నాలుగువందల యేబది రూపాయలు పలికిన ఆ లడ్డు 2019లో పదునేడు లక్షల అరువది వేలు పలికినది. ఆ సొమ్ము ఊరి బాగునకు ఖర్చగును. 2020లో గ్రామ సంఘమువారు వేలమును మానుకొనిరి. జనమును పోగు చేయుటకంటె ఆ యేటి రాబడిని వదలుకొనుటయే మేలని యెంచిరి. మరుసటి యేట వేలము మరల జరిగినది.

ఇవి నగరపు సంగతులు. అడవి సీమలలో ఈ సమస్య వేరొక రూపమున కనబడినది. గోదావరి కావలి వైపున, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బీజాపూరు జిల్లాలో ఆవపల్లి యను చిన్న యూరు కలదు. పల్లి యను తుదిపదము మనకు సుపరిచితమే. ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరుకు పోయి రాజ్యము స్థాపించెనని అచటి రాజవంశ చరిత్ర చెప్పుచున్నది. అందుచేత తెలుగుదేశమునకును ఆ యడవులకును నడుమ రాకపోకలు నేటివి కావు. ఆ సీమనుండి కోయలు మేడారము జాతరకు వచ్చుచుందురు. మిరపకోతల కాలమున కూలీలు తెలంగాణమునకు వచ్చుచుందురు. అచటి బ్రదుకునకు వారపు సంతయే అంగడి, అదియే వార్తాపత్రిక, అదియే చుట్టరికములు కలుపు తావు. 2020 వసంతమున లాక్‌డౌనుతో సంతలు నిలిచిపోయినప్పుడు ఉప్పునకును, వార్తకును గూడ కరువైనది. మిరప తోటలనుండి కూలీలు అడవిదారులను బట్టి కాలినడకన ఇండ్లకు మరలిరి. నగరమున ఉత్సవము ఆగిన ఉత్సాహము తగ్గును. అడవిలో సంత ఆగిన పొయ్యి ఆరును. ఆంక్షల బరువు అందరి తలలపైని ఒక్క తీరుగా పడదని దీనివలన తెలియుచున్నది.

అదే బస్తరులో 2020 జనవరిలో, కోవిడు వార్తలు ఇంకను దూరదేశపు వార్తలుగానే యున్నప్పుడు, మలేరియా నిర్మూలనకై యొక ఉద్యమము మొదలైనది. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, జ్వరమున్నను లేకున్నను ప్రతి మనిషి నెత్తురును పరీక్షించి, పరాన్నజీవి కనబడినవారికి మందు నిచ్చిరి. దోమ త్రోవను వచ్చు వ్యాధికి జనము గుమిగూడుటతో పని లేదు. దోమతెర, మందు, ఇంటికి వచ్చు వైద్యము కావలెను. శ్వాస త్రోవను వచ్చు కోవిడునకు గుంపే దారి. ఒక వ్యాధికి పనికివచ్చిన కట్టుబాటు వేరొక వ్యాధికి పనికిరాదు. ఏ సంస్థయైనను వేడుకలను గూర్చి నిర్ణయించుకొనుటకు ముందు ఈ భేదమును వైద్యుల నడిగి తెలిసికొనవలెను.

జగదలపూరులో దంతేశ్వరీ దేవి పేర జరుగు బస్తరు దసరా డెబ్బదియైదు దినముల పండుగ. శార్వరి యేట ఆశ్వయుజము అధికమాసము వచ్చినందున అది నూటనాలుగు దినములు సాగినది. జనుల రాకను పరిమితము చేసి, కర్మకలాపమును మాత్రము విడువక జరిపిరి. భద్రాచలమున ఆ యేటి ఏప్రిల్ 2వ తేదీన వచ్చిన శ్రీరామనవమికి సీతారాముల కల్యాణము, వేలమంది పట్టు మిథిలా ప్రాంగణమున గాక, ఆలయములోనే, భక్తజనము లేకుండ జరిగినది. 2021లోను అంతియే. తిరుమలలో 2020 సెప్టెంబరు బ్రహ్మోత్సవములను ఏకాంతముగా నిర్వహించిరి. ఏకాంత మను మాట మన ఆలయ పరిభాషలో ముందునుండియు నున్నదే. జనము లేకుండ దేవునికి సేవ చేయు పద్ధతిని మన పెద్దలు ఎఱుగనివారు కారు.

మేడారము సమ్మక్క సారలమ్మ జాతర విషయమున కాలమే కలిసివచ్చినది. రెండేండ్ల కొకసారి జరుగు ఆ జాతర 2020 ఫిబ్రవరి 5 నుండి 8 వరకు జరిగినది. తెలంగాణములో మొదటి కోవిడు రోగి కనబడినది మార్చి 2న. తరువాతి జాతర 2022 ఫిబ్రవరి 16 నుండి 19 వరకు, మూడవ తరంగము తగ్గుముఖము పట్టిన దినములలో జరిగినది. వ్యాధి తీవ్రముగా నున్న కాలమంతయు రెండు జాతరల నడిమి యెడములో పడినది. అన్ని సంస్థలకు ఇట్టి యదృష్టము కలుగదు. కలుగని సంస్థ యేమి చేసెనో తెలిసికొనుటకు హైదరాబాదు నుమాయిషు చరిత్రను చూడవలెను.

1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు హైదరాబాదు రాజ్యములో తయారగు వస్తువుల నందరికి చూపుటకై పబ్లిక్ గార్డెన్సులో ఒక చిన్న ప్రదర్శనము నేర్పాటు చేసిరి. ఏడవ నిజాము దానిని ప్రారంభించెను. రాజ్యపు ఆర్థిక పరిస్థితులను పరిశోధించుటకు కావలసిన ధనమును కూర్చుట దాని యుద్దేశములలో నొకటి. 1946లో ప్రదర్శనము నాంపల్లి మైదానమునకు మారినది. 1947, 1948 సంవత్సరముల కల్లోలములో నిలిచిపోయి, 1949లో గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారిచే మరల ప్రారంభింపబడినది. అటుపిమ్మట అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనముగా పేరొందినది. జనవరి ఒకటవ తేదీన మొదలై ఫిబ్రవరి నడుమ వరకు సాగు ఆ ప్రదర్శనమునకు కాశ్మీరు శాలువల వర్తకులు మొదలు లక్నో బట్టల వర్తకుల వరకు దేశము నలుమూలలనుండి వచ్చుదురు.

దీనిని నడుపు ఎగ్జిబిషన్ సొసైటీ లాభాపేక్ష లేని సంస్థ. టిక్కెట్లవలనను, అంగళ్ల అద్దెవలనను వచ్చు ఆదాయముతో అది సుమారు ఇరువది విద్యాసంస్థలకు అండగా నున్నది. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ వానిలోనివి. కావున నుమాయిషు ఆగినచో రంగులరాట్నము మాత్రమే ఆగదు. బాలికల చదువునకు చేరవలసిన ధనము గూడ ఆగును. వేడుకను మానుకొనుడని బయటివారు సులభముగా చెప్పవచ్చును. నిర్ణయము చేయువారి బల్లపై ఒకవైపు ప్రేక్షకుల ప్రాణములు, రెండవవైపు అధ్యాపకుల జీతములు, వర్తకుల పెట్టుబడులు నుండును.

2020 నాటి ప్రదర్శనము వ్యాధి రాకమునుపే ముగిసినది. 2021లో మొదట వాయిదా వేసిరి. తుదకు ఆ యేడు నుమాయిషు జరుగనే లేదు. స్వాతంత్ర్యపు తొలినాళ్ల కల్లోలము తరువాత ఇన్నేండ్లకు ఆ మైదానము జనవరి మాసమున చీకటిగా నుండెను. 2022 వచ్చునప్పటికి టీకాలు వచ్చినవి. ఆ టీకాలలో నొకటి హైదరాబాదులోనే తయారైనది. జనులకు ధైర్యము చిక్కినది. జనవరి 1వ తేదీన గవర్నరు ప్రదర్శనమును ప్రారంభించిరి. కాని అప్పటికే ఒమిక్రాన్ యను క్రొత్త రూపము వ్యాపించుచుండెను. జనసమూహములను నిషేధించుచు రాష్ట్రప్రభుత్వము ఉత్తరువు జారీచేయగా, తెరచిన రెండు దినములకే ద్వారములు మూయవలసివచ్చినది. మొదట జనవరి 10 వరకు అనుకొన్న నిషేధము మరల పొడిగింపబడినది.

సరుకు దింపుకొని, అంగళ్లు కట్టుకొని, పనివారిని కుదుర్చుకొన్న వర్తకుల అవస్థ ఊహింపదగినది. ఆరంభమునకు ముందే ఆగియున్నచో ఇంత నష్టము కలుగకపోవును గదా యని యనవచ్చును. కాని వ్యాధి తన రాకను ముందుగా ఉత్తరము వ్రాసి తెలుపదు. తెరచుట యొక సాహసమైనచో, తెరచిన రెండవనాడే మూయుటకు అంతకంటె నెక్కువ సాహసము కావలెను. ఖర్చు పెట్టితిమి గదా యని మొండికి పోక ద్వారములు మూసినందున, వ్యాధి ఉద్ధృతముగా నున్న వారములలో ఆ మైదానమున జనము పోగుపడలేదు. తరంగము తగ్గినపిమ్మట ఫిబ్రవరి 25వ తేదీన ప్రదర్శనము మరల తెరువబడినది. శీతకాలపు వేడుక వేసవి ముంగిట జరిగినది. తేదీ మారినది, ఋతువు మారినది, ప్రదర్శనము నిలిచినది.

దేశాంతరమున నున్న తెలుగువారి సంస్థలకును ఇట్టి యనుభవమే కలిగినది. ఉత్తర అమెరికా తెలుగు సంఘము రెండేండ్ల కొకసారి మహాసభలు జరుపును. 2019లో వాషింగ్టనులో జరిగిన సభల తరువాత మరల మహాసభలు 2023లో ఫిలడెల్ఫియాలోగాని జరుగలేదు. కాని ఆ విరామకాలమున అంతర్జాలమున సాహిత్యసభలు నడచినవి. ఒక నగరమునకు రాలేని వృద్ధులు, రాజమహేంద్రవరమునందలి పండితులు, డల్లసులోని పిల్లలు ఒకే సభలో మాటలాడుకొను అవకాశము కలిగినది. ఎదురెదురుగా కూర్చుండి విందారగించు సౌఖ్యము అందులో లేదు. ఐనను, దూరమువలన ఎన్నడును సభ చూడనివారికి అది మొదటి సభ యైనది.

ఈ వృత్తాంతము లన్నిటిని కలిపి చూచినచో ఒక విషయము తేటపడును. ప్రతి వేడుకలోను సంకల్పము, సంఖ్య యని రెండు భాగములు కలవు. బోనములో ఊరి క్షేమము సంకల్పము. వీథినిండ జనము సంఖ్య. నుమాయిషులో విద్యాదానము సంకల్పము. లక్షల టిక్కెట్లు సంఖ్య. మంచి కాలమున ఈ రెండును కలిసియుండుటచే వాని భేదము కనబడదు. మహమ్మారి వచ్చి రెంటిని విడదీయును. అప్పుడు సంఖ్యను వదలి సంకల్పమును పట్టుకొన్న సంస్థలు మరుసటి యేట జనమును మరల పొందినవి.

కేంద్రప్రభుత్వోద్యోగుల సాంస్కృతిక సమాజములకు ఇందు గ్రహింపదగిన దున్నది. బదిలీలమీద వచ్చిన కుటుంబములకు పరాయి చోట ఉగాదియు, సంక్రాంతియు తెలుగు మాట వినబడు దినములు. ఆ వేడుక ఆగినయేట ఒంటరితనము రెట్టింపగును. అందుచేత సభ జరుపలేని కాలమున గూడ, మంచమెక్కిన సభ్యుని యింటికి మందులు చేర్చుట, దిక్కులేని కుటుంబమునకు భోజనము పంపుట, పిల్లలచేత ఫోనులోనైనను పద్యము చెప్పించుట సమాజపు పనులే. వేదిక లేకున్నను అవి జరుగును. సభకు దాచిన ధనమును ఆ యేట సాయమునకు ఖర్చు చేసినచో లెక్కలలో అది లోటుగా కనబడవచ్చును గాని, సమాజపు ఉద్దేశమునకు లోటు కాదు. వ్యాధి లక్షణమును వైద్యుల నడుగుట, నిర్ణయమును సభ్యులతో చర్చించి చేయుట, ఆంక్షలవలన కూలి కోల్పోవు వంటవాని, షామియానావాని, డోలు సన్నాయిలవారిని మరువకుండుట మంచి కార్యవర్గమునకు విధులు.

శార్వరి గడచినపిదప 2021 ఏప్రిలులో వచ్చిన సంవత్సరమునకు పేరు ప్లవ. ప్లవ మనగా తెప్ప. రెండవ తరంగము వచ్చి వేల కుటుంబములను దుఃఖములో ముంచిన యేడది. టీకా తెప్పగా ఎందరో గట్టెక్కినదియు ఆ యేటనే. 2022 ఏప్రిల్ 2వ తేదీన శుభకృతు నామ సంవత్సరము ప్రవేశించినది. రెండేండ్లు మూతపడిన సమాజ మందిరములలో అనేకము ఆ యుగాదికి తలుపులు తెరచినవి. పంచాంగ శ్రవణమునకు వచ్చినవారు మొదట కుర్చీలవంక చూచిరి. కొన్ని కుర్చీలలో కూర్చుండవలసినవారు లేరు. వారిని తలచుకొని, లేచి నిలుచుండి, క్షణకాలము మౌనము వహించి, పిమ్మట ఉగాది పచ్చడి పంచుకొనిరి. ఆ యేడు అందులోని చేదు ఎవరికిని వివరింపవలసిన పని లేకపోయినది.